లిస్టులో నొక్కిపట్టినా మెనూ రాదు, వస్తే పక్క వరుసని కొడుతుంది: ఆండ్రాయిడ్ కాంటెక్స్ట్ మెనూ చిక్కులు విప్పే పద్ధతి

మా మావయ్యది కిరాణా కొట్టు. అరువు ఖాతాలు రాసుకోడానికి ఆయనకో చిన్న యాప్ రాసిచ్చాను. పేర్ల లిస్టు, ఒక్కో పేరు పక్కన బాకీ. పేరుని నొక్కిపడితే మెనూ వస్తుంది, దీన్నే కాంటెక్స్ట్ మెనూ అంటారు: "సవరించు", "వాట్సాప్‌లో పంపు", "ఖాతా మూసెయ్". మూడు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఏరా, నేను మూసింది ఒకడి ఖాతా, మాయమైంది ఇంకొకడిది. ఇప్పుడు వాడొచ్చి నాకు బాకీ ఎక్కడుంది చూపించమంటున్నాడు" అన్నాడు.

నేను చేసిన మొదటి తప్పు, ఖాతా చెరిపే కోడ్ తెరిచి గంటసేపు దాన్నే చూస్తూ కూర్చోవడం. అందులో దోషం లేదు. చేతికిచ్చిన వరుసని అది నిక్కచ్చిగా చెరిపేసింది. తప్పుడు వరుసని దాని చేతికిచ్చింది వేరేచోట. మావయ్య వెతుకుడు పెట్టెలో "వెం" అని కొట్టి, వడకట్టగా మిగిలిన నాలుగు పేర్లలో రెండోదాన్ని నొక్కిపట్టాడు. నా కోడ్ వెళ్లి మొత్తం లిస్టులో రెండో పేరుని తీసేసింది.

అప్పట్నుంచి మెనూ గోల ఏదొచ్చినా ఒకే వరసలో వెతుకుతున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ప్రధానంగా ఆండ్రాయిడ్‌లో లిస్టులు చూపించే పాత లిస్ట్‌వ్యూ, కొత్త రీసైక్లర్‌వ్యూల సంగతి. తెరలు రాసే కొత్త పద్ధతి కంపోజ్ గురించి చివర్లో కొంత. ఫంక్షన్ల పేర్లు మనం నోటితో పలికినట్టే రాశాను. స్టూడియోలో మొదటి నాలుగు అక్షరాలు కొడితే మిగతాది అదే అందిస్తుంది.

ముందు దారి తెలుసుకోవాలి

వేలు పెట్టిన క్షణం నుంచి "ఖాతా మూసెయ్" జరిగేదాకా ఆ స్పర్శ ఎవరెవరి చేతులు మారుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

వేలు కదలకుండా కాసేపు ఉంటే సిస్టమ్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది. ఈ కాసేపు అన్నది కొత్త వెర్షన్లలో 400 మిల్లీసెకండ్లు, పాతవాటిలో 500. అప్పుడు ఆ వ్యూకి (తెర మీది ఒక్కో భాగాన్ని వ్యూ అంటారు) మీరు లాంగ్ క్లిక్ లిజనర్, అంటే నొక్కిపట్టినప్పుడు నడవాల్సిన కోడ్, పెట్టారా అని చూస్తుంది. ఉంటే ముందు దాన్ని పిలుస్తుంది. అది "ట్రూ" అని తిరిగిచ్చిందా, కథ అక్కడితో సరి, కాంటెక్స్ట్ మెనూ దాకా మాట వెళ్లదు. "ఫాల్స్" ఇస్తేనే, లేదా లిజనరే లేకపోతేనే, మెనూ చూపించమనే కబురు ఆ వ్యూ నుంచి తల్లి వ్యూకి, అక్కడి నుంచి దాని తల్లికి, అలా పైకి విండో దాకా పోతుంది. అక్కడ ఒక ఖాళీ మెనూ తయారవుతుంది. దాన్ని నింపడానికి "ఆన్ క్రియేట్ కాంటెక్స్ట్ మెనూ" నడుస్తుంది. నింపాక కనిపించే ఐటమ్ ఒక్కటైనా ఉంటే మెనూ తెర మీదకి వస్తుంది. ఒక్కటీ లేకపోతే ఎర్రరూ రాదు, క్రాషూ కాదు, నిశ్శబ్దంగా ఊరుకుంటుంది. యూజర్ ఐటమ్ ఎంచుకున్నాక, ఆ ఐటమ్‌కి సొంత క్లిక్ లిజనర్ ఉంటే మొదటి పిలుపు దానికే. లేకపోతే యాక్టివిటీ (యాప్‌లో ఒక పూర్తి తెర)లోని "ఆన్ కాంటెక్స్ట్ ఐటమ్ సెలెక్టెడ్"కి, అది కాదంటే ఆ తెరలో భాగాలైన ఫ్రాగ్మెంట్లలో ఒక్కోదానికి.

కాబట్టి అడగాల్సినవి మూడు. వేలిని ఎవరు పట్టుకున్నారు? ఏ వరుస అన్న సంగతి మెనూకి ఎలా చేరింది? ఎంచుకున్నది ఎవరి చేతికి పోయింది?

మొదటి మెట్టు: కోడ్ ముట్టుకోకుండా ఫోన్‌నే అడగండి

డెవలపర్ ఆప్షన్లలో "షో ట్యాప్స్", "పాయింటర్ లొకేషన్" ఆన్ చేయండి. ఆప్షన్లే కనబడకపోతే సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కాలి, అది తెలిసిందే. వేలు ఎక్కడ పడుతోంది, పట్టి ఉంచినప్పుడు ఎంత జరుగుతోంది అన్నవి తెర మీదే గీతలుగా కనిపిస్తాయి. వేలు 8 డీపీ (తెర మీది కొలత) కంటే ఎక్కువ జరిగితే లిస్టు దాన్ని స్క్రోల్ అనుకుని లాగేసుకుంటుంది, లాంగ్ ప్రెస్ రద్దవుతుంది. పెద్దవాళ్ల చేతులు కాస్త వణుకుతాయి. "నాకు రావట్లేదు" అని వాళ్లు చెప్పి, మీ దగ్గర మాత్రం ప్రతిసారీ వస్తుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

రెండో అనుమానం, యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఉండే నొక్కిపట్టే వ్యవధి. పొట్టి, మధ్యస్థం, పొడుగు అని మూడు రకాలుంటుంది. పొడుగు పెట్టుకున్న ఫోన్లో మీరు మామూలుగా నొక్కితే చాలదు. కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే ఏడీబీతో "ఏడీబీ షెల్ సెట్టింగ్స్ గెట్ సెక్యూర్", ఆ తర్వాత అండర్‌స్కోర్లతో కలిపి "లాంగ్ ప్రెస్ టైమౌట్" అని కొడితే ఆ ఫోన్లో ఉన్న అంకె చెబుతుంది. ఈ కారణంగానే మీ కోడ్‌లో 500 అనో 400 అనో అంకె రాయకూడదు. వ్యూ కాన్ఫిగరేషన్ క్లాసుని అడిగి తీసుకోవాలి.

చేతి తేడాలు లేకుండా పరీక్షించాలంటే "ఏడీబీ షెల్ ఇన్‌పుట్ స్వైప్ 300 700 300 700 1000" అని కొట్టండి. మొదలూ చివరా ఒకే చోటు కాబట్టి అది స్వైప్ కాదు, సెకను పాటు నొక్కిపట్టినట్టే. 300, 700 అన్నవి మీ తెర మీద వరుస ఉన్న చోటు. పాయింటర్ లొకేషన్‌లో చూసి మార్చుకోండి. ప్రతి మార్పు తర్వాతా ఇదే కమాండ్ కొడితే, "ఈసారి గట్టిగా నొక్కానేమో" అన్న సందేహం ఉండదు.

ఇంకో ఆనవాలు చాలామంది పట్టించుకోరు: వణుకు. లాంగ్ ప్రెస్‌ని ఎవరైనా తీసుకుంటే ఫోన్ చిన్నగా వైబ్రేట్ అవుతుంది, టచ్ వైబ్రేషన్ ఆన్‌లో ఉంటే. వణికింది కానీ మెనూ రాలేదంటే ఎవరో లిజనర్ "ట్రూ" ఇచ్చి కూర్చున్నాడు. వణకనే లేదంటే, లాంగ్ ప్రెస్ మీ వరుస దాకా రాకపోయి ఉండాలి, లేదా వచ్చినా మెనూ ఖాళీగా ఉండి ఉండాలి. ఈ ఒక్క తేడాతో వెతుకులాట సగానికి తగ్గుతుంది.

ఇప్పుడు మూడే మూడు లాగ్ లైన్లు పెట్టండి: లాంగ్ క్లిక్ లిజనర్ ఉంటే అందులో, "ఆన్ క్రియేట్ కాంటెక్స్ట్ మెనూ"లో, "ఆన్ కాంటెక్స్ట్ ఐటమ్ సెలెక్టెడ్"లో. ప్రతిదాంట్లో క్లాసు పేరు, పొజిషన్ (లిస్టులో ఎన్నోది), ఆ వరుస ఐడీ ముద్రించండి. ముప్పై చోట్ల లాగ్ పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఏ లైను దాకా వచ్చి ఆగిందో చూసి, కింది మెట్లలో అక్కడికి దూకండి.

రెండో మెట్టు: మెనూ అసలు రావట్లేదు

లిస్ట్‌వ్యూ అయితే మొదటి దోషి వరుసలో ఉన్న బటనో చెక్‌బాక్సో అయ్యుంటుంది. ఫోకస్ తీసుకునే వ్యూ వరుసలో ఒక్కటున్నా లిస్ట్‌వ్యూ ఆ వరుసని తన క్లిక్కుకీ, లాంగ్ క్లిక్కుకీ అందని దానిగా చూస్తుంది. వరుస లేఅవుట్ పైఅంచెలో "డిసెండెంట్ ఫోకసబిలిటీ"ని "బ్లాక్స్ డిసెండెంట్స్" చేస్తే సరిపోతుంది. ఆ బటన్‌కే ఫోకస్ తీసేయొచ్చుగా అంటారా? మామూలు బటన్‌కి ఎక్స్‌ఎంఎల్‌లో "ఫోకసబుల్ ఫాల్స్" పనిచేస్తుంది. ఇమేజ్‌బటన్‌కి చేయదు. దాని కన్‌స్ట్రక్టరే, ఎక్స్‌ఎంఎల్ చదివేసిన తర్వాత, మళ్లీ ఫోకస్ ఆన్ చేసుకుంటుంది. కోడ్‌లో ఆఫ్ చేయాలి. నేను దీని మీద ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

లిస్ట్‌వ్యూలోనే ఇంకో రెండున్నాయి. "ఆన్ ఐటమ్ లాంగ్ క్లిక్" లిజనర్ "ట్రూ" ఇస్తే కాంటెక్స్ట్ మెనూ రాదు. ఛాయిస్ మోడ్‌ని "మల్టిపుల్ మోడల్" చేసినా రాదు. అప్పుడు లాంగ్ ప్రెస్ అంటే ఎంపిక మోడ్ మొదలవడమే, వాట్సాప్‌లో చాట్‌ని నొక్కిపడితే పైన పట్టీ వచ్చినట్టు. ఆ మోడ్, కాంటెక్స్ట్ మెనూ ఒకే లాంగ్ ప్రెస్‌ని పంచుకోలేవు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

రీసైక్లర్‌వ్యూ తీరు వేరు. లిస్ట్‌వ్యూ అలవాటుతో "రిజిస్టర్ ఫర్ కాంటెక్స్ట్ మెనూ"కి రీసైక్లర్‌వ్యూనే అప్పజెబుతాం. అది చేసేదల్లా ఆ వ్యూకి మెనూ లిజనర్ తగిలించి, దాన్ని లాంగ్ క్లిక్‌కి సిద్ధం చేయడమే. కానీ వేలు పడేది వరుస మీద. వరుసకి లాంగ్ క్లిక్ ఆన్ చేయకపోతే కబురు పుట్టనే పుట్టదు. రీసైక్లర్‌వ్యూ వేలిని స్క్రోల్ కోసం చూసుకుంటుందే తప్ప నొక్కిపట్టడాన్ని లెక్కచేయదు. ఒక్కో వరుసని పట్టుకుని ఉండే వ్యూ హోల్డర్ తయారయ్యేచోట "ఐటమ్‌వ్యూ"కి లాంగ్ క్లికబుల్ ట్రూ చేయండి. లేదా మెనూ లిజనర్‌ని నేరుగా ఐటమ్‌వ్యూకే పెట్టండి, అప్పుడు లాంగ్ క్లిక్ దానంతటదే ఆన్ అవుతుంది. వరుసకి మామూలు క్లిక్ పనిచేస్తోంది కదా అని మోసపోకండి. క్లిక్కూ లాంగ్ క్లిక్కూ వేర్వేరు జెండాలు.

వరుసల్ని లాగి ముందువెనకలు మార్చుకునే సౌకర్యం పెట్టారా? ఐటమ్ టచ్ హెల్పర్ కాల్‌బ్యాక్‌లో "ఈజ్ లాంగ్ ప్రెస్ డ్రాగ్ ఎనేబుల్డ్" అన్నది మీరేమీ రాయకపోతే "ట్రూ"నే ఇస్తుంది. పైకో కిందకో లాగే దిక్కు ఇచ్చి ఉంటే నొక్కిపట్టగానే వరుస లేచి వేలితో వచ్చేస్తుంది. దాన్ని "ఫాల్స్" చేసి, వరుస అంచున ఒక పట్టుకునే గుర్తు పెట్టి, దాన్ని తాకినప్పుడు "స్టార్ట్ డ్రాగ్" పిలవండి.

వరుసలోపలి టెక్స్ట్‌వ్యూ కూడా దొంగే. "టెక్స్ట్ ఈజ్ సెలెక్టబుల్" ఆన్ ఉంటే, పేరు మీద నొక్కిపట్టినప్పుడు అక్షరాలు నీలంగా మారి కాపీ పట్టీ వస్తుంది. పక్కన ఖాళీలో నొక్కితే మాత్రం మీ మెనూ వస్తుంది. "ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు" అని ఎవరైనా చెబితే అసలు మాట "ఒక్కోచోట" అయ్యుండొచ్చు. వరుసలో కనీసం నాలుగుచోట్ల నొక్కి చూడండి. ఫోన్ నంబర్లకి ఆటోలింక్ పెట్టిన టెక్స్ట్‌వ్యూ కూడా వేలిని తానే పట్టుకుంటుంది.

చివరిది ఖాళీ మెనూ. లాగ్‌లో "ఆన్ క్రియేట్ కాంటెక్స్ట్ మెనూ" పడింది, కానీ తెర మీద ఏమీ లేదు. బాకీ సున్నా అయితే "వాట్సాప్‌లో పంపు" దాచు, వసూలైన ఖాతా అయితే "సవరించు" దాచు, ఇలా ఒక్కో షరతూ రాసుకుంటూ పోతే ఏదో ఒక వరుసకి అన్నీ దాగిపోతాయి. దాచే బదులు బూడిదరంగులో ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకు పనిచేయదో యూజర్‌కి కనీసం కనిపిస్తుంది.

మూడో మెట్టు: మెనూ వస్తోంది, యాప్ పడిపోతోంది

ఇది సాధారణంగా లిస్ట్‌వ్యూ నుంచి రీసైక్లర్‌వ్యూకి మారినప్పటి జబ్బు. పాత కోడ్ మెనూ ఐటమ్‌ని "మెనూ ఇన్ఫో" అడిగి, దాన్ని "అడాప్టర్ కాంటెక్స్ట్ మెనూ ఇన్ఫో"గా మార్చుకుని, అందులోంచి పొజిషన్ తీసుకునేది. లిస్ట్‌వ్యూ దాన్ని నింపి ఇచ్చేది. రీసైక్లర్‌వ్యూ ఇవ్వదు, అక్కడ దొరికేది నల్, అంటే ఖాళీ. కాట్లిన్‌లో ఆ మార్పిడి దగ్గరే పడిపోతుంది, జావాలో పొజిషన్ అడిగిన మరుక్షణం.

కొందరు రీసైక్లర్‌వ్యూ నుంచి సొంత క్లాస్ చేసుకుని, "షో కాంటెక్స్ట్ మెనూ ఫర్ చైల్డ్"లో వరుస వివరం పట్టుకుని, "గెట్ కాంటెక్స్ట్ మెనూ ఇన్ఫో"లో దాన్ని తిరిగిస్తారు. పద్ధతి సరైనదే. ఒక చిన్న గొయ్యి ఉంది: అక్కడికి వచ్చే వ్యూ వరుసే కానక్కర్లేదు, వరుసలోపలి బొమ్మో బటనో కూడా కావచ్చు. దాన్ని పట్టుకుని "గెట్ చైల్డ్ అడాప్టర్ పొజిషన్" అడిగితే క్లాస్ కాస్ట్ ఎర్రర్. "ఫైండ్ కంటెయినింగ్ వ్యూ హోల్డర్" అడగండి, అది ఎంత లోపలి వ్యూ ఇచ్చినా వరుసని వెతికిస్తుంది.

సబ్‌మెనూ పెట్టినవాళ్లకి వేరే దెబ్బ. "పంపు" కింద "వాట్సాప్", "ఎస్‌ఎంఎస్" పెడితే, పైమెనూ ఐటమ్‌కి మెనూ ఇన్ఫో ఉంటుంది, లోపలి ఐటమ్‌కి నల్. మెనూ తయారయ్యేటప్పుడే వరుస ఐడీని ఒక వేరియబుల్‌లో దాచుకోండి. ఎక్స్‌పాండబుల్ లిస్ట్‌వ్యూలో ఇన్ఫో క్లాసే వేరు, అందులో పొజిషన్ ఉండదు, ప్యాక్డ్ పొజిషన్ ఉంటుంది. దాన్ని విప్పి గ్రూపా, పిల్ల వరుసా అని చూసుకోవాలి.

నాలుగో మెట్టు: పక్క వరుస మీద పనిచేస్తోంది

పై మెట్లలోవి చిరాకు పెడతాయి, అంతే. ఇది డేటా పోగొడుతుంది, పైగా ఎర్రర్ ఏమీ చూపించకుండా.

మూలం ఎప్పుడూ ఒకటే: పొజిషన్‌ని మనిషి పేరులా వాడటం. పొజిషన్ అంటే క్యూలో నిలబడ్డ చోటు. ముందు ఇద్దరు చేరితే ఆ చోటు ఇంకొకరిది. అది ఎన్ని రకాలుగా జారుతుందో చూడండి.

వడకట్టిన లిస్టు సంగతి మొదట్లోనే చెప్పాను. తెర మీద ఉన్నది ఒక లిస్టు, కోడ్ చూసేది ఇంకో లిస్టు. తేదీ ప్రకారమో బాకీ ప్రకారమో అమర్చినప్పుడూ ఇదే జరుగుతుంది.

లిస్ట్‌వ్యూకి పైన హెడర్ తగిలిస్తే పొజిషన్ లెక్క హెడర్‌తో కలిపి మొదలవుతుంది. మీ ఎర్రే (డేటా వరస) మాత్రం సున్నా నుంచే ఉంటుంది. అంతా ఒకటి కిందకి జారిందంటే నూటికి తొంభైపాళ్లు ఇదే. ఎర్రేని నేరుగా అడక్కుండా, లిస్ట్‌వ్యూనే "గెట్ ఐటమ్ ఎట్ పొజిషన్" అడగండి, అది హెడర్‌ని లెక్కలో వేసుకుని ఇస్తుంది.

ఐడీ వాడుతున్నాను కదా అని ధీమాగా ఉన్నవాళ్లు ఒకటి సరిచూసుకోండి. ఎర్రే అడాప్టర్‌లో (అడాప్టర్ అంటే డేటాని లిస్టుకి అందించేది) "గెట్ ఐటమ్ ఐడీ" తిరిగిచ్చేది పొజిషన్‌నే. పేరుకి మాత్రమే అది ఐడీ. కర్సర్ అడాప్టర్ అయితే డేటాబేస్ వరుస ఐడీ ఇస్తుంది, అది నమ్మదగ్గది.

రీసైక్లర్‌వ్యూలో "ఆన్ బైండ్ వ్యూ హోల్డర్"కి వచ్చే పొజిషన్‌ని లిజనర్ లోపల వాడటం బహుశా అందరూ ఒకసారి చేసే తప్పు. పైన కొత్త వరుస చేరిందని "నోటిఫై ఐటమ్ ఇన్‌సర్టెడ్" చెప్పినప్పుడు, కింద ఉన్న వరుసలు జరుగుతాయి గానీ మళ్లీ బైండ్ కావు, అంటే వాటిలో డేటా కొత్తగా నింపరు. లిజనర్‌లో పాత అంకె అలాగే ఉండిపోతుంది. నొక్కిన క్షణంలోనే హోల్డర్‌ని "బైండింగ్ అడాప్టర్ పొజిషన్" అడగాలి. రీసైక్లర్‌వ్యూ 1.2 నుంచి పాత "అడాప్టర్ పొజిషన్"ని పక్కనపెట్టి దీన్ని ఇచ్చారు, ఎందుకంటే అప్పుడే రెండు మూడు అడాప్టర్లని గుదిగుచ్చే కన్‌క్యాట్ అడాప్టర్ కూడా వచ్చింది, ఏ అడాప్టర్ లెక్కలో పొజిషన్ కావాలన్న ప్రశ్న పుట్టింది. ఇది మైనస్ 1 కూడా ఇవ్వగలదు: వరుస తొలగిపోతున్నప్పుడు, లేదా "నోటిఫై డేటాసెట్ చేంజ్డ్" చెప్పి కొత్త లేఅవుట్ ఇంకా పూర్తికానప్పుడు. అప్పుడు ఏమీ చేయకుండా వెనక్కి వచ్చేయండి.

ఇక్కడితో ఆగితే ఇంకో పొరపాటు మిగిలిపోతుంది. మెనూ తెరిచినప్పుడు పొజిషన్ సరైనదే. యూజర్ ఆలోచిస్తుండగా వెనక రూమ్ డేటాబేస్‌లో ఏదో మారింది, లిస్టు కొత్తగా అమరింది. మా కొట్టులో ఇది మామూలే: మావయ్య మెనూ తెరిచి ఉంచి కౌంటర్లో చిల్లర లెక్కపెడతాడు, ఈలోపు అత్తయ్య వేరే ఫోన్లో జమ రాస్తే సింక్ అయి ఆ పేరు పైకి ఎక్కుతుంది. అందుకని పొజిషన్‌ని నొక్కిపట్టిన క్షణంలో ఒక్కసారి వాడి, వరుస ఐడీ తీసుకుని, అక్కడే వదిలేయాలి. మెనూకి, నిర్ధారణ డైలాగ్‌కి, చెరిపే ఫంక్షన్‌కి అన్నిటికీ ఐడీనే పోవాలి. డైలాగ్ ఫ్రాగ్మెంట్ అయితే ఐడీని ఆర్గ్యుమెంట్స్‌లో పెట్టండి. ఫోన్ తిప్పితే యాక్టివిటీలోని వేరియబుల్ పోతుంది, డైలాగ్ మాత్రం మళ్లీ లేచి నిలబడి, ఖాళీ వేరియబుల్‌ని నమ్ముకుని "అవును" అంటుంది.

కనిపెట్టడానికి ఒక సులువు చెబుతాను. మెనూకి "సెట్ హెడర్ టైటిల్"తో ఆ ఖాతాదారు పేరు పెట్టండి. పరీక్షించేటప్పుడు పక్కన ఐడీ కూడా. నొక్కిందొకటి, మెనూ పైన పేరు ఇంకొకటి అయితే దోషం మెనూ తయారీలో ఉంది. మెనూ పైన పేరు సరిగ్గా ఉండి చెరిగింది వేరేది అయితే, ఆ తర్వాతి దారిలో ఉంది.

ఐదో మెట్టు: ఎంచుకున్నది వేరేవాళ్ల చేతికి పోయింది

రెండు ట్యాబులు, "బాకీలు", "వసూలైనవి". రెండూ ఒకే ఫ్రాగ్మెంట్ క్లాస్, ఒకే మెనూ ఫైల్. రెండో ట్యాబులో ఎంచుకుంటే మొదటి ట్యాబు ఫ్రాగ్మెంట్ స్పందిస్తుంది. కారణం, యాక్టివిటీ ఆ ఎంపికని ఫ్రాగ్మెంట్లకి ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. ఎవరు మొదట "ట్రూ" అంటే వాళ్లదే. మెనూ ఎవరు తెరిచారన్నది అది గుర్తుపెట్టుకోదు.

తాత్కాలిక మందు: వ్యూపేజర్ 2లో ముందున్న ట్యాబు ఒక్కటే రెస్యూమ్డ్ స్థితిలో ఉంటుంది కాబట్టి, ఫంక్షన్ మొదట్లోనే "ఈజ్ రెస్యూమ్డ్" చూసి, కాకపోతే "ఫాల్స్" ఇవ్వడం. అసలు మందు: మెనూలో చేర్చే ప్రతి ఐటమ్‌కీ అక్కడికక్కడే క్లిక్ లిజనర్ పెట్టి, ఐడీని అందులోనే మూటకట్టడం. అప్పుడు ఈ ఊరేగింపే ఉండదు. "వెన్" చివర "ఎల్స్" కొమ్మలో అలవాటుగా "ట్రూ" రాసేవాళ్లు దాన్ని సూపర్ ఫంక్షన్‌కి అప్పగించండి. మీ "ట్రూ" ఇంకొకరి ఎంపికని మింగేస్తుంది.

 

మార్చి రాసేద్దాం అనుకుంటే

కొత్త కోడ్‌లో నేను కాంటెక్స్ట్ మెనూ వాడటం మానేశాను. రీసైక్లర్‌వ్యూ అయితే హోల్డర్‌లోనే లాంగ్ క్లిక్ లిజనర్, అందులో పాపప్ మెనూ. పొజిషన్ అడుగు, మైనస్ 1 అయితే వెనక్కి రా, ఐడీ తీసుకో, మెనూ చూపించు, చివర "ట్రూ" ఇవ్వు. ఆ "ట్రూ" మరిచిపోతే వేలు ఎత్తగానే మామూలు క్లిక్ కూడా పడి, మెనూతో పాటే వివరాల పేజీ తెరుచుకుంటుంది. పాపప్ మెనూకి వరుస తాలూకు కాంటెక్స్ట్ ఇవ్వండి, అప్లికేషన్ కాంటెక్స్ట్ ఇస్తే థీమ్ రంగులు తప్పి తెల్ల మెనూలో తెల్ల అక్షరాలు రావచ్చు.

నొక్కిపడితే మెనూ వస్తుందని ఎవరూ చెప్పకుండా ఎవరికీ తెలియదు. వరుస చివర మూడు చుక్కల బటన్ కూడా పెట్టి, రెండిటినీ ఒకే ఫంక్షన్‌కి కలపండి. తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడేవాళ్లకి నొక్కిపట్టడం అంటే రెండుసార్లు తట్టి పట్టి ఉంచడం. వాళ్ల కోసం వ్యూకంపాట్‌తో అవే పనుల్ని యాక్సెసిబిలిటీ యాక్షన్లుగా జోడిస్తే టాక్‌బ్యాక్ మెనూలోనే దొరుకుతాయి. లేబుళ్లు తెలుగులో ఉంటే పొట్టి మాటలు వాడండి. "ఈ ఖాతాని శాశ్వతంగా తొలగించండి" అని పెడితే పెద్ద అక్షరాలు పెట్టుకున్న ఫోన్లో మెనూలో ఇమడదు. వరుస ఎత్తుని అంకెతో బిగించకండి, ఒత్తులు కింద తెగిపోతాయి.

కంపోజ్‌లో రాసేవాళ్లకి "కంబైన్డ్ క్లికబుల్"లో లాంగ్ క్లిక్ ఉంది, డ్రాప్‌డౌన్ మెనూ ఉంది. అక్కడ చూసే తప్పులు మూడు. మెనూ తెరిచి ఉందా లేదా అన్నదాన్ని లిస్టు మొత్తానికి ఒక బూలియన్‌గా పెట్టడం: ఒక్కటి నొక్కితే అన్ని వరుసల మెనూలూ తెరుచుకుంటాయి. బూలియన్ బదులు తెరిచి ఉన్న వరుస ఐడీ పెట్టండి. రెండోది, డ్రాప్‌డౌన్‌ని వరుసతో పాటు ఒకే బాక్స్‌లో పెట్టకపోవడం, మెనూ ఎక్కడో తేలుతుంది. మూడోది మా మావయ్య ఖాతాకి చుట్టం: "పాయింటర్ ఇన్‌పుట్"కి కీగా "యూనిట్" ఇచ్చి లోపల వరుసని వాడటం. వరుస మారినా లోపలి బ్లాక్ మళ్లీ మొదలవదు, పాత ఖాతానే పట్టుకుని ఉంటుంది. కీగా ఐడీ ఇవ్వండి, లేజీ కాలమ్ ఐటమ్స్‌కి కూడా.

బిల్డ్ ఇచ్చేముందు

ఈ క్రమంలో నొక్కి చూడండి. వెతుకులో రెండక్షరాలు కొట్టి, వచ్చిన చివరి వరుసని చెరపండి. యాభై వరుసలు కిందకి స్క్రోల్ చేసి ఒకటి చెరపండి. వరుసగా రెండు చెరపండి, మధ్యలో ఆగకుండా: పాత పొజిషన్ పట్టుకున్న కోడ్ రెండోసారికి దొరికిపోతుంది. మెనూ తెరిచి ఉంచి ఇంకోచోటి నుంచి డేటా మార్చండి. డైలాగ్ తెరిచి ఫోన్ తిప్పండి. డెవలపర్ ఆప్షన్లలో "డోంట్ కీప్ యాక్టివిటీస్" ఆన్ చేసి ఇవన్నీ ఇంకోసారి. మొదటి రెండిటికీ ఎస్ప్రెస్సో (తెరని తానే నొక్కి పరీక్షించే సాధనం) టెస్ట్ రాసిపెట్టండి, లాంగ్ క్లిక్ దానికి వచ్చు. టెస్టులో ఎంతమంది మిగిలారని లెక్కపెట్టకండి, ఫలానా ఐడీ లేదు, మిగతా ఐడీలన్నీ ఉన్నాయి అని చూడండి. లెక్క ఎవరిని చెరిపినా సరిపోతుంది.

నేను ఇంకొకటి కూడా మార్చాను. "ఖాతా మూసెయ్" ఇప్పుడు వరుసని చెరపదు, మూసిన తేదీ రాసి లిస్టులోంచి దాస్తుంది, కింద స్నాక్‌బార్‌లో "వద్దు, ఉంచు" అని కాసేపు ఉంటుంది. ఆరోజు పోయిన ఖాతాని మాత్రం మావయ్య గల్లాపెట్టె కింద దాచిన అట్ట చిరిగిన పద్దు పుస్తకం తీసి, పేజీ పేజీ చదివి చెబుతుంటే నేను ఫోన్లో ఎక్కించాను.